అల్స్టర్ నుంచి అమెరికా వెళ్ళిన పూర్వీకుడి మూలం ఎలా వెతకాలి

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో అల్లుడో కోడలో పెన్సిల్వేనియా, వర్జీనియా, టెన్నెసీ వైపు పాత కుటుంబంవాళ్ళయితే, వాళ్ళ వంశవృక్షం రాయడానికి కూర్చున్నప్పుడు చాలాసార్లు ఒకే చోట ఆగిపోతాం. 1740 ప్రాంతంలో ఒక పేరు, పక్కన "ఐర్లండ్ నుంచి వచ్చాడు" అన్న మాట. ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎప్పుడు ఓడెక్కాడు అన్నది ఉండదు. మనవడికి మన వైపు తరాలన్నీ చెప్పి, రెండో వైపు అక్కడే ఆపేయడం నాకు నచ్చదు. ఆ పిల్లవాడికి రెండు వైపులూ సమానమే. అందుకే ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్స్టర్ నుంచి వచ్చినవాళ్ళ విషయంలో ఈ పని పద్ధతిగా ఎలా చేయాలో రాస్తున్నాను.

ఒక మాట ముందే గట్టిగా చెప్తాను. ఐర్లండ్ రికార్డులు తెరవడం మొదటి పని కాదు. అతను ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పే కాగితం ఉంటే అది ఎక్కువగా అమెరికాలోనే ఉంటుంది, అది కూడా చాలాసార్లు అతని పేరు మీద కాకుండా పక్కింటివాడి పేరు మీద ఉంటుంది. ఊరు తెలియకుండా సముద్రం దాటితే జాన్ విల్సన్ లాంటి పేరున్నవాళ్ళు ప్రతి పారిష్‌లోనూ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) దొరుకుతారు. వాళ్ళలో ఒకరిని మీవాడని అనుకుని చెట్టుకు తగిలిస్తే ఆ పై తరాలన్నీ వేరేవాళ్ళ తాతలవుతారు.

ముందు ఈ జనం కథ కొంచెం

1606 నుంచి ఆంట్రిమ్, డౌన్ కౌంటీల్లోకీ, 1610 నుంచి ప్లాంటేషన్ (ప్రభుత్వం బయటి జనాన్ని తెచ్చి స్థిరపరచే పథకం) పేరుతో అల్స్టర్‌లోని మరో ఆరు కౌంటీల్లోకీ స్కాట్లండ్ మైదాన ప్రాంతాల నుంచి, ఇంగ్లండ్ సరిహద్దు నుంచి జనం వచ్చి కౌలుకు భూములు తీసుకున్నారు. 1690లలో స్కాట్లండ్‌లో కరువు వచ్చినప్పుడు ఇంకా పెద్ద గుంపులు దాటాయి. వీళ్ళలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లు, అంటే ప్రొటెస్టంట్లలో ఒక శాఖవాళ్ళు. ప్రభుత్వ మతం చర్చ్ ఆఫ్ ఐర్లండ్. ప్రెస్బిటేరియన్లు ఆ చర్చికి దశమభాగం కట్టాలి, 1704 చట్టం తర్వాత ప్రభుత్వ పదవులకు అర్హత లేదు, వాళ్ళ పాస్టర్లు తమవాళ్ళ మధ్య చేసిన పెళ్ళిళ్ళకు కూడా పూర్తి చట్టబద్ధత 1782 దాకా రాలేదు. వీటికి తోడు చౌకగా ఇచ్చిన పాత కౌళ్ళ గడువు తీరగానే భూస్వాములు రేట్లు పెంచారు. పంటలు పోయాయి, నారబట్టల వ్యాపారం ఒకసారి లేచి ఒకసారి పడింది.

1718 నుంచి 1775 వరకు లక్షకు పైగా జనం వెళ్ళారు. అందరూ ఒకేసారి కాదు. 1718-20, 1728-29, 1740-41 కరువు, 1754-55, చివరగా 1771-75. మీ పూర్వీకుడి పేరు అమెరికాలో మొదటిసారి ఏ ఏడు కనిపిస్తే, దానికి దగ్గరి అల ఏదో చూసుకోండి. ఇది రుజువు కాదు గానీ ఏ రికార్డులు ముందు తీయాలో నిర్ణయించడానికి పనికొస్తుంది.

ఓడలు ఎందుకు ఫిలడెల్ఫియాకూ, డెలావేర్‌లోని న్యూకాసిల్‌కూ ఎక్కువగా వెళ్ళాయో కూడా తెలుసుకోవాలి. మేలైన నార కోసం అల్స్టర్ రైతులు అవిసె గింజ పండకముందే మొక్క పీకేసేవాళ్ళు. మళ్ళీ విత్తడానికి గింజ అమెరికా నుంచి రావాలి. పెన్సిల్వేనియా నుంచి గింజలు దింపిన ఓడలు డెర్రీ, బెల్‌ఫాస్ట్, న్యూరీ, లార్న్ రేవుల నుంచి తిరుగు ప్రయాణంలో మనుషుల్ని ఎక్కించుకునేవి. అందుకే న్యూ ఇంగ్లండ్, చార్ల్స్‌టన్ వైపు వెళ్ళినవాళ్ళు ఉన్నా, ప్రధాన దారి మాత్రం ఫిలడెల్ఫియా, లాంకాస్టర్ కౌంటీ, అక్కడి నుంచి గ్రేట్ వాగన్ రోడ్ అనే బండ్ల దారి మీదుగా వర్జీనియాలోని షెనాండోవా లోయ, ఆ తర్వాత కరోలినాలు.

మొదటి అడుగు: ఇవాళ్టి నుంచి వెనక్కి

అల్లుడి తాతయ్యతో మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్ళండి. ప్రతి తరానికీ "ఇతను అతని కొడుకు" అని చెప్పే కాగితం ఉండాలి. అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. 1790 నుంచి 1840 వరకు ఇంటి పెద్ద పేరు, మిగతావాళ్ళ సంఖ్య మాత్రమే. కాబట్టి 1850కి ముందు మీకు దారి చూపేది జనాభా లెక్కలు కాదు, వీలునామాలు, భూమి దస్తావేజులు, చర్చి పుస్తకాలు.

ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా అకౌంట్ తెరిచి ఈ పని మొదలుపెట్టొచ్చు. చేతిరాతలో ఉన్న పాత భూమి కాగితాల్లో, ప్రొబేట్ (వీలునామా అమలు) పుస్తకాల్లో ఏ మాటైనా వెతికే సౌకర్యం అందులో వచ్చింది. ఇది ఇండెక్స్‌లో లేని సాక్షుల పేర్లను కూడా బయటకు తీస్తుంది. అదే సైట్‌లో ఎవరో కట్టిపెట్టిన వంశవృక్షాలు కూడా ఉంటాయి. వాటిని సూచనగా చూడండి, ఆధారంగా కాదు.

ఇంట్లో చెప్పుకునే కథల్ని రాసి పక్కన పెట్టుకోండి. "ముగ్గురు అన్నదమ్ములు కలిసి వచ్చారు", "మాకు కోట ఉండేది", "మాకు రాజముద్ర ఉంది" అన్నవి దాదాపు ప్రతి కుటుంబంలోనూ వినిపిస్తాయి. పెద్దవాళ్ళు ప్రేమగా చెప్పినవి కాబట్టి కొట్టిపారేయొద్దు. కాగితం దొరికేదాకా చెట్టులోకి ఎక్కించొద్దు.

రెండో అడుగు: మనిషిని నేలకు కట్టండి

పేర్లు కలుస్తాయి, భూమి కలవదు. అదే పేరుతో అదే కౌంటీలో నలుగురు ఉన్నా, ఒక వాగు పక్కన ఫలానా 200 ఎకరాలు ఒక్కడివే. అందుకే మీవాడి భూమిని మ్యాప్ మీద గుర్తించడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన అడుగని నా అభిప్రాయం.

దీనికి కౌంటీ సరిహద్దుల చరిత్ర తెలియాలి. సస్క్వెహానా నదికి పడమర, ఇప్పటి ఫ్రాంక్లిన్ కౌంటీలో ఇల్లు కట్టుకున్న మనిషి కాగితాలు 1750 దాకా లాంకాస్టర్‌లో, తర్వాత కంబర్లాండ్‌లో, 1784 నుంచి ఫ్రాంక్లిన్‌లో ఉంటాయి. అతను ఇల్లు కదల్లేదు, కౌంటీలే మారాయి. వర్జీనియాలో ఆగస్టా కౌంటీని 1738లో ప్రకటించినా అక్కడ కోర్టు 1745లో గానీ మొదలవలేదు. ఆలోపు కాగితాలు ఆరెంజ్ కౌంటీలో చూడాలి. చాలామంది ఈ ఒక్క కారణంతో ఏమీ దొరకలేదని వదిలేస్తారు.

పెన్సిల్వేనియాలో భూమి మూడు మెట్లలో వచ్చేది. ముందు వారంట్ (కొలవమని ఉత్తర్వు), తర్వాత సర్వే (కొలత), చివర పేటెంట్ (పూర్తి హక్కు పత్రం). ఈ రిజిస్టర్లు హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టింది. కాగితం లేకుండానే అడవిలో పాక వేసుకుని ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి వారంట్ తేదీని అతను వచ్చిన తేదీ అనుకోకండి. వర్జీనియా పేటెంట్లు రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైట్‌లో కనిపిస్తాయి. షెనాండోవా లోయలో అయితే భూమి ప్రభుత్వం దగ్గర కాకుండా బెవర్లీ మానర్, బోర్డెన్ గ్రాంట్ లాంటి పెద్ద బ్లాకుల యజమానుల దగ్గర కొన్నవాళ్ళే ఎక్కువ.

భూమి అమ్మిన దస్తావేజు కొన్నదానికన్నా ఎక్కువ చెప్తుంది. భార్య తన హక్కు వదులుకుంటున్నట్టు పేరు రాస్తారు. కొడుకులందరూ కలిసి అమ్మితే వారసుల జాబితా ఒక్కచోటే దొరుకుతుంది. కింద సంతకం ఉందా, గుర్తు గీశాడా చూడండి. సంతకం చేయగలిగిన జేమ్స్, గుర్తు పెట్టిన జేమ్స్ ఇద్దరు వేర్వేరు మనుషులు కావచ్చు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. 1752కి ముందు ఇంగ్లిష్ పాలనలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1735 అని రాస్తే మన లెక్కలో అది ఫిబ్రవరి 1736. ఇది తెలియకపోతే పెళ్ళికన్నా ముందే బిడ్డ పుట్టినట్టు కనిపించి లేనిపోని టెన్షన్ వస్తుంది.

మూడో అడుగు: చుట్టుపక్కలవాళ్ళను పట్టుకోండి

ఇక్కడ ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. ఈ జనం ఒంటరిగా ప్రయాణం చేయలేదు. బావమరుదులు, సంఘంలోవాళ్ళు, పక్క పొలంవాళ్ళు కలిసి ఓడెక్కారు, కలిసి దిగారు, పదేళ్ళ తర్వాత కలిసి వర్జీనియాకు బండ్లు కట్టారు.

1718లో అల్స్టర్‌లోని బాన్ నది లోయ నుంచి బోస్టన్‌కు వెళ్ళిన ఓడల్లో అగడోయీ అనే పారిష్ పాస్టర్ జేమ్స్ మెక్‌గ్రెగర్, ఆయన సంఘంవాళ్ళు ఉన్నారు. వాళ్ళు న్యూ హాంప్‌షైర్‌లో నట్‌ఫీల్డ్ దగ్గర స్థిరపడి ఆ ఊరికి తర్వాత లండన్‌డెర్రీ అని పేరు పెట్టుకున్నారు. 1772లో బాలిమీనా దగ్గరి కెల్స్‌వాటర్‌కు చెందిన కవెనంటర్ (ప్రెస్బిటేరియన్లలో ఒక కఠిన శాఖ) పాస్టర్ విలియం మార్టిన్ వెంట ఐదు ఓడల జనం దక్షిణ కరోలినాకు వెళ్ళింది. మీవాడి పక్క పొలంవాడు మార్టిన్ ఓడల్లో వచ్చినట్టు కాగితం ఉంటే, మీవాడు ఆంట్రిమ్ కౌంటీ నడిబొడ్డు నుంచి వచ్చి ఉండవచ్చనడానికి ఒక మంచి ఆధారం దొరికినట్టే.

ఎలా చేయాలంటే, ఒక నోట్‌బుక్ తీసుకుని మీవాడి పేరు ఉన్న ప్రతి కాగితంలో ఇంకెవరి పేర్లున్నాయో రాయండి. వీలునామాకు సాక్షులు, ఆస్తి పంపకానికి నియమించినవాళ్ళు, పూచీ ఇచ్చినవాళ్ళు, చనిపోయాక సామాన్లు వేలం వేస్తే కొన్నవాళ్ళు, పొలం హద్దుల్లో ఉన్నవాళ్ళు, అదే మిలిషియా (స్థానిక పౌర సైన్యం) దళంలో ఉన్నవాళ్ళు, అదే రోడ్డు మరమ్మతుకు కోర్టు నియమించినవాళ్ళు. ఏ పేర్లు మూడు నాలుగు చోట్ల మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో వాళ్ళ కుటుంబాలను కూడా మీ కుటుంబంలాగే వెతకండి. వీలునామాలో ఆస్తి నిర్వాహకులుగా పెట్టినవాళ్ళలో భార్య అన్నదమ్ములు ఉండటం మామూలే. భార్య పుట్టింటి పేరు తెలియక ఆగిపోయినవాళ్ళు ముందు ఇక్కడ చూడాలి.

పిల్లల పేర్లు కూడా ఒక దారి చూపిస్తాయి. మనింట్లో తాత పేరు మనవడికి పెట్టినట్టే, వాళ్ళలోనూ చాలా కుటుంబాలు ఒక వరుస పాటించేవి. పెద్ద కొడుక్కి నాన్న నాన్న పేరు, రెండోవాడికి అమ్మ నాన్న పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్దమ్మాయికి అమ్మమ్మ పేరు, రెండో అమ్మాయికి నాయనమ్మ పేరు. అందరూ పాటించలేదు, చిన్నప్పుడే పోయిన పిల్లల పేర్లు మనకు తెలియవు. దీన్ని బట్టి తాత పేరు ఊహించి వెతకొచ్చు, నిర్ధారించకూడదు. కానీ ఆర్చిబాల్డ్, గావిన్, లాఖ్లన్ లాంటి అరుదైన పేరు మూడు తరాలు వరుసగా వస్తే దాన్ని వదలొద్దు.

నాలుగో అడుగు: దాటిన మాట ఎక్కడ రాసి ఉంటుంది

అందరూ ముందు అడిగేది ఓడ ప్రయాణికుల జాబితా. 18వ శతాబ్దంలో అల్స్టర్ నుంచి వచ్చినవాళ్ళకు అలాంటి క్రమమైన జాబితా లేదు. అమెరికా చట్టం 1819లో చేసి 1820 నుంచి జాబితాలు తీసుకుంది. పెన్సిల్వేనియాలో 1727 నుంచి జర్మన్ల పేర్లు రాశారు, ఎందుకంటే వాళ్ళు పరాయి దేశస్థులు, ప్రమాణం చేయాలి. అల్స్టర్‌వాళ్ళు అదే రాజు ప్రజలు కాబట్టి ఎవరూ పేరు అడగలేదు. జాబితా దొరకలేదని బాధపడకుండా కింద చెప్పినవాటి మీదకు వెళ్ళండి.

1740లో వర్జీనియా ఆరెంజ్ కౌంటీ కోర్టులో ఎంతోమంది నిలబడి "నేను నా ఖర్చుతో ఐర్లండ్ నుంచి ఫిలడెల్ఫియాకు, అక్కడి నుంచి ఈ కాలనీకి వచ్చాను" అని ప్రమాణం చేశారు. మనిషికి ఇంత అని భూమి హక్కు రావడం కోసం భార్యాపిల్లల పేర్లు కూడా చెప్పారు. మీ కుటుంబం షెనాండోవా లోయలో ఉంటే ముందు ఇది చూడండి. దక్షిణ కరోలినాలో 1761 చట్టం కింద పేద ప్రొటెస్టంట్ వలసదారులకు ప్రయాణ ఖర్చు ఇచ్చారు. ఆ కాలపు కౌన్సిల్ జర్నల్స్‌లో ఓడ పేరుతో పాటు మనుషుల పేర్లు ఉన్నాయి.

1832 పెన్షన్ చట్టం ఇంకో గొప్ప తలుపు తెరిచింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ముసలివాళ్ళు పెన్షన్ కోసం కోర్టులో తమ జీవితం చెప్పుకోవాలి. ఎక్కడ, ఏ ఏడు పుట్టారన్నది వాళ్ళను అడిగే మొదటి ప్రశ్న. "ఆంట్రిమ్ కౌంటీలో 1752లో పుట్టాను" లాంటి వాక్యం నేరుగా దొరికే చోటు ఇదే. మీ పూర్వీకుడు అప్పటికే పోయి ఉంటే అతని తమ్ముడో, మేనల్లుడో, పక్కింటి కుర్రాడో బతికి ఉండొచ్చు. వాళ్ళ ఫైల్ తీయండి.

ఓడ చార్జీ కట్టలేనివాళ్ళు కొన్నేళ్ళు పనికి కుదిరి వచ్చేవాళ్ళు. 1771 నుంచి 1773 వరకు ఫిలడెల్ఫియాలో అలా కుదిరినవాళ్ళ రిజిస్టర్ మిగిలింది. పారిపోతే యజమాని పేపర్లో ప్రకటన ఇచ్చేవాడు. 1728లో మొదలైన పెన్సిల్వేనియా గెజెట్‌లో అలాంటి ప్రకటనలు చాలా ఉన్నాయి. అటువైపు 1737లో మొదలైన బెల్‌ఫాస్ట్ న్యూస్-లెటర్‌లో ఓడలు బయల్దేరే తేదీల ప్రకటనలు, క్షేమంగా చేరాక ప్రయాణికులు కెప్టెన్‌కు పేర్లు పెట్టి రాసిన కృతజ్ఞతా లేఖలు వచ్చేవి. మొదటి ఏళ్ళ సంచికలు చాలా మిగల్లేదు. ఉన్నవాటికి 1800 వరకు ఇండెక్స్ ఆన్‌లైన్‌లో ఉంది.

చర్చిని మర్చిపోకండి. కొత్త ఊరికి వెళ్ళే ప్రెస్బిటేరియన్ తన సంఘం నుంచి ఉత్తరం తీసుకెళ్ళేవాడు. ఆగస్టాలో పాస్టర్ జాన్ క్రెయిగ్ 1740 నుంచి 1749 వరకు ఇచ్చిన బాప్తిస్మాల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీ ఇలాంటివి భద్రపరుస్తుంది. మీ పూర్వీకుడి సంఘం పాస్టర్ అల్స్టర్‌లో ఏ సంఘం నుంచి వచ్చాడో కూడా చూడండి, మందలో కొందరు ఆయన వెంట వచ్చినవాళ్ళే అయి ఉంటారు. పాత శ్మశానాల్లో సమాధి రాళ్ళ మీద కౌంటీ పేరు చెక్కిన సందర్భాలూ ఉన్నాయి. టౌన్‌షిప్ (కౌంటీలో ఒక భాగం) పేర్లు చూడండి. పెన్సిల్వేనియాలో డొనెగల్, డెర్రీ, ఆంట్రిమ్, లెటర్‌కెనీ, ఫానెట్ అనేవి వాళ్ళు వెంట తెచ్చుకున్న పేర్లే.

ఐదో అడుగు: ఇప్పుడు ఐర్లండ్

కనీసం కౌంటీ, కుదిరితే పారిష్ తెలిశాక ఇక్కడికి రండి. అల్స్టర్‌లో తొమ్మిది కౌంటీలు. ఆంట్రిమ్, డౌన్, ఆర్మా, లండన్‌డెర్రీ, టైరోన్, ఫర్మానా ఇప్పుడు ఉత్తర ఐర్లండ్‌లో, డొనెగల్, కావన్, మోనహన్ రిపబ్లిక్‌లో ఉన్నాయి. కౌంటీ కింద బారనీ, పారిష్, అన్నిటికన్నా చిన్నది టౌన్‌ల్యాండ్. కొన్ని వందల ఎకరాల చిన్న ప్రాంతం అది. ఐర్లండ్ మొత్తం మీద 60,000కు పైగా ఉన్నాయి. మీరు చేరాల్సిన గమ్యం టౌన్‌ల్యాండ్ పేరు.

1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ తగలబడింది. వీలునామాలు, చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో దాదాపు సగం, 19వ శతాబ్దపు మొదటి జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. అన్నీ పోయాయని మాత్రం అనుకోవద్దు. కాపీలు, సంగ్రహాలు, ఇండెక్సులు మిగిలాయి. 2022లో మొదలైన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ వాటిని పోగుచేసి ఉచితంగా చూపిస్తోంది. బెల్‌ఫాస్ట్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ ఆఫ్ నార్తర్న్ ఐర్లండ్, అందరూ ప్రోనీ అంటారు, మీకు ముఖ్యమైన చోటు.

ప్రోనీ సైట్‌లో పేరు కొట్టి వెతికే సౌకర్యంలో మూడు జాబితాల మిగులు కలిసి ఉంది. 1740 ప్రొటెస్టంట్ ఇళ్ళ జాబితా, 1766లో పాస్టర్లు మతాలవారీగా రాసిచ్చిన జాబితా, 1775లో ప్రెస్బిటేరియన్లు చేసిన పిటిషన్ల సంతకాలు. వీటిలో ఏదీ మొత్తం అల్స్టర్‌ను కవర్ చేయదు. మీ పారిష్‌కు ఏది మిగిలిందో ముందు చూసుకోండి. 1796 అవిసె రైతుల జాబితాలో దాదాపు 60,000 పేర్లున్నాయి. అవిసె వేసినవాళ్ళకు ఎకరాకు నాలుగు రాట్నాల చొప్పున ప్రభుత్వం బహుమతిగా ఇచ్చింది. మీవాడు అప్పటికే అమెరికాలో ఉంటాడు, కానీ వెనక ఉండిపోయిన అన్నదమ్ముల పిల్లలు ఏ పారిష్‌లో ఉన్నారో ఇది చెప్తుంది. 1858కి ముందు వీలునామాల ఇండెక్సులు కూడా మిగిలాయి. వీలునామా కాలిపోయినా పేరు, ఊరు, ఏడు తెలుస్తాయి.

ఇంటిపేరు స్పెల్లింగ్ మీద పట్టు పట్టొద్దు. కెర్, కార్ ఒకటే కావచ్చు. మెక్‌కీ, మకాయ్, మెక్‌కే ఒకే కుటుంబంలో కనిపిస్తాయి. రాసినవాడు విన్నట్టు రాశాడు.

ప్రెస్బిటేరియన్ రిజిస్టర్ల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 17వ శతాబ్దం చివరి నుంచి ఉన్న సంఘాలు కొన్నే, చాలావాటికి 1800 తర్వాతే మొదలవుతాయి. బెల్‌ఫాస్ట్‌లోని ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీ ఆఫ్ ఐర్లండ్‌ను అడిగితే ఏ సంఘానికి ఏముందో తెలుస్తుంది. చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వెస్ట్రీ (పారిష్ పాలక సభ) పుస్తకాలు కూడా తీయండి. పన్నులు, రోడ్ల పర్యవేక్షణ, పేదలకు సాయం అన్నీ వెస్ట్రీ చేతిలో ఉండేవి కాబట్టి ప్రెస్బిటేరియన్ల పేర్లు అందులో వస్తాయి.

అన్నిటికన్నా గొప్ప నిధి ఎస్టేట్ కాగితాలు. ఆ జనంలో ఎక్కువమంది భూస్వామి కింద కౌలుదార్లు. భూస్వామి దగ్గర కౌలు వసూలు పుస్తకాలు, లీజు కాగితాలు, ఏజెంటు ఉత్తరాలు ఉంటాయి. అల్స్టర్‌లో "మూడు ప్రాణాల లీజు" అని ఒక పద్ధతి ఉండేది. కాగితంలో రాసిన ముగ్గురిలో ఆఖరివాడు పోయేదాకా లీజు నడుస్తుంది. అందుకే కౌలుదారు తన కొడుకుల్ని, మేనల్లుళ్ళను, ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లల్ని రాయించేవాడు. చాలాసార్లు వయసుతో సహా ఉంటుంది. తర్వాతి కాలంలో ఆ ముగ్గురూ బతికున్నారా అని ఏజెంటు వెతికినప్పుడు పక్కన "అమెరికా వెళ్ళాడు" అని రాసిన సందర్భాలున్నాయి. అంతకన్నా స్పష్టమైన ఆధారం మీకు దొరకదు.

ఏ ఎస్టేట్ కాగితాలు తీయాలో తెలియాలంటే మీ పారిష్ ఎవరి చేతిలో ఉండేదో చూడాలి. స్ట్రాబేన్ చుట్టూ అబెర్‌కార్న్ ఎస్టేట్, లిస్‌బర్న్ వైపు హెర్ట్‌ఫర్డ్, డౌన్‌లో డౌన్‌షైర్, లండన్‌డెర్రీ కౌంటీలో లండన్ వర్తక సంఘాలు. అబెర్‌కార్న్ ఏజెంట్ల ఉత్తరాల్లో వలస గురించి నేరుగా రాసిన మాటలున్నాయి. ఇవి ప్రోనీలో ఉన్నాయి, అయితే ఎక్కువ భాగానికి పేరుతో వెతికే ఇండెక్స్ ఉండదు. కూర్చుని పేజీలు తిప్పాలి.

డబ్లిన్‌లోని రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ 1708 నుంచి చెక్కుచెదరకుండా ఉంది. చిన్న కౌలుదార్లు అందులో తక్కువ, కానీ అమ్మినవాడి పేరుతోనూ భూమి పేరుతోనూ రెండు ఇండెక్సులున్నాయి, ఫ్యామిలీసెర్చ్‌లో చూడొచ్చు. భూమి ఇండెక్స్‌లో మీ టౌన్‌ల్యాండ్ తీసి దస్తావేజులు వరసగా చదివితే పాత కౌలుదార్ల పేర్లు లోపల తగులుతాయి.

పారిష్ అసలే తెలియకపోతే వెనక నుంచి రావాలి. 1847-64లో పన్ను కోసం ఐర్లండ్ భూములకు విలువ కట్టిన గ్రిఫిత్ వాల్యుయేషన్ జాబితాలో మీ ఇంటిపేరు, మీ నోట్‌బుక్‌లో రాసుకున్న పొరుగువాళ్ళ ఐదారు ఇంటిపేర్లు ఏ పారిష్‌లో కలిసి కనిపిస్తున్నాయో చూడండి. ఒక పేరు పది చోట్ల ఉండొచ్చు. ఆరు పేర్లూ కలిసి ఒకటి రెండు చోట్లే ఉంటాయి. మూడో అడుగులో పడ్డ శ్రమ ఇక్కడ ఫలిస్తుంది.

డీఎన్‌ఏ ఎంతవరకు

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే వై-డీఎన్‌ఏ ఇంటిపేరుతో పాటు నడుస్తుంది కాబట్టి ఈ పనికి అదే సరైనది. అల్లుడి ఇంటిపేరే మీరు వెతుకుతున్న ఇంటిపేరు అయితే అతనో, అతని తండ్రో, పెదనాన్న కొడుకో పరీక్ష ఇవ్వాలి. ఫ్యామిలీట్రీడీఎన్‌ఏలో ఇంటిపేర్లవారీగా ప్రాజెక్టులున్నాయి. ఉత్తర ఐర్లండ్‌లో ఊరు తెలిసిన ఒక కుటుంబంతో దగ్గరగా కలిస్తే వెతికే ప్రాంతం ఒక్కసారిగా చిన్నదైపోతుంది. ఎక్కువమంది చేయించుకునే మామూలు పరీక్ష ఐదారు తరాల తర్వాత బలహీనపడుతుంది, 1740 మనిషికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పరీక్షకు ముందు ఇంట్లో అందరితో మాట్లాడండి. ఎవరికీ తెలియని సంబంధాలు బయటపడొచ్చు, అది వాళ్ళ కుటుంబ విషయం.

స్కాట్లండ్ దాకా వెళ్ళాలా?

వెళ్ళొచ్చు, కానీ మెట్టు దాటేసి కాదు. కుటుంబం 1610లో వచ్చిందో 1697లో వచ్చిందో తెలియకుండా స్కాట్లండ్స్‌పీపుల్ సైట్‌లో పాత పారిష్ రిజిస్టర్లు వెతికితే ఐర్‌షైర్‌లో అదే పేరున్న వాళ్ళు కుప్పలుగా వస్తారు. మధ్యలో అల్స్టర్‌లో కుటుంబం ఉన్నట్టు చూపే 1630 ప్రాంతపు మస్టర్ రోల్ (ఆయుధం పట్టగలవాళ్ళ జాబితా), 1660ల పొయ్యి పన్ను జాబితాలు చూసి, అదే పారిష్‌లో ఆ ఇంటిపేరు ఎప్పటి నుంచి ఉందో తేల్చుకోండి. చాలా కుటుంబాల విషయంలో కాగితాలతో చేరగలిగేది ఇంతవరకే. ఆండ్రూ జాక్సన్ అమెరికా అధ్యక్షుడయ్యాడు. తల్లిదండ్రులు 1765లో కారిక్‌ఫెర్గస్ ప్రాంతం నుంచి వచ్చారని తెలుసు. అంత ప్రసిద్ధుడి తండ్రి పూర్వీకుల గురించే కాగితాలు చాలా తక్కువ.

రాసి పెట్టడం

ప్రతి సంబంధం పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టండి. కాగితంలో నేరుగా ఉన్నది, చాలా సూచనలు కలిపి తేల్చినది, ఇంకా అనుమానంగా ఉన్నది. రెండో రకానికి ఒక పేరా రాయండి: ఏయే కాగితాలు, వాటిలో ఎవరు, అదే పేరున్న ఇంకొకడు ఎందుకు కాదు. రేపు మీ మనవరాలు ఇదే పని కొనసాగిస్తే మీరు ఎలా ఆలోచించారో ఆమెకు తెలియాలి. దొరకని చోట్లను కూడా రాయండి, ఏ ఏళ్ళ ఏ పుస్తకం చూశారో తేదీతో సహా, లేకపోతే ఆమె మళ్ళీ అదే పుస్తకం తిప్పుతుంది.

బెల్‌ఫాస్ట్ వెళ్ళే అవకాశం వస్తే ముందు ప్రోనీ కేటలాగ్‌లో చూడాలనుకున్న ఎస్టేట్ కాగితాల నంబర్లు రాసుకుని, ఫొటో గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్ళండి. రీడర్ కార్డు ఉచితం. ఓమా వైపు మెలన్ సెంటర్ ఫర్ మైగ్రేషన్ స్టడీస్ లైబ్రరీ ఉంది, వలసదారుల ఉత్తరాలు అక్కడ సేకరించారు, ఒక రోజు దానికి కేటాయించండి. లీజు కాగితంలో టౌన్‌ల్యాండ్ పేరు దొరికాక, 1830ల ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాప్‌ను ప్రోనీ సైట్‌లో తెరిచి ఆ హద్దులు గుర్తించి, కాపీ తీసి, దాని వెనక లీజు నంబరు, ముగ్గురి పేర్లు, వయసులు రాసి వంశవృక్షం ఫైల్లో పెట్టండి.